కోత లేకుండా కిడ్నీ రాయి

విశాఖలో ఎండ, ఉక్కపోత రెండూ ఎక్కువే. పోర్టులో కళాసీలు చెమటోడుస్తారు. స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర వేడి మరీ ఎక్కువ. పోయిన చెమటకు సరిపడా నీళ్లు తాగకపోతే ఏమవుతుంది? మూత్రం చిక్కబడుతుంది. అందులోని లవణాలు పేరుకుని రాయి అవుతాయి. ఉప్పు మడిలో నీరు ఆరితే ఉప్పు మిగిలినట్టే.

రాయి కదిలితే నడుం పక్కన పోటు మొదలవుతుంది. గజ్జల దాకా పాకుతుంది. వాంతులవుతాయి. మూత్రంలో నెత్తురు పడొచ్చు.

అప్పుడు ఒకరు కొండపిండి ఆకు అంటారు. ఒకరు బీరు తాగమంటారు. బీరుకు రాయి కరగదు. 5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలాసార్లు దానంతటదే పడిపోతుంది. మెప్పు మాత్రం బీరుకు పోతుంది! పెద్ద రాయి నాళానికి అడ్డుపడితే కిడ్నీ వాచిపోతుంది. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. పూర్వం పక్కటెముకల కింద పెద్ద కోత కోసేవారు. అందుకే ఆ భయం. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో డాక్టర్లు మొదటిసారి ఒక రోగికి బయటి నుంచే తరంగాలు పంపి రాయిని పగలగొట్టారు. ఆ ముక్కలు మూత్రంలో వచ్చేస్తాయి. ఇంకో పద్ధతిలో మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం పంపుతారు. లేజరుతో రాయిని పొడి చేస్తారు. రాయి 2 సెంటీమీటర్లు దాటితే వీపు మీద చిన్న రంధ్రం చేసి తీస్తారు. రంధ్రం సుమారు ఒక సెంటీమీటరే.

మరి ఖర్చో? 1923 నాటి మన పెద్దాసుపత్రి కె.జి.హెచ్.లో యూరాలజీ విభాగం ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీనే ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అంటున్నారు. రాళ్లు తీసే చికిత్సలు అందులో ఉన్నాయి. కార్డు తీసుకెళ్లి ఆ కౌంటరులో అడగాలి.

ఒక్క సంగతి మాత్రం చాలామంది మరిచిపోతారు. రాయి తీశాక లోపల వాపు ఉంటుంది. మూత్రం ఆగకుండా ఒక సన్నని గొట్టం పెడతారు. దాన్ని స్టెంట్ అంటారు. అది బయటికి కనిపించదు. కొన్ని వారాలకు తీయించుకోవాలి. నొప్పి తగ్గింది కదా అని మనిషి పనిలో పడిపోతాడు. నెలలు గడిస్తే ఆ గొట్టం మీదే రాళ్లు పేరుకుంటాయి. కిడ్నీయే పాడైపోవచ్చు.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి చీటీ ఇస్తారు. స్టెంట్ తీసే తేదీ అందులో ఉందేమో మీరే చదవండి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఇంటికి రాగానే గోడ క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టండి.