లేబిళ్లు అచ్చు వేయించు గృహిణులకు

కారప్పొడులు, సున్నిపిండి, పిండివంటలు, కుట్టుపని, ఏదో యొకదానిని ఇంటినుండియే అమ్ముచు సంసారమునకు చేదోడుగానున్న స్త్రీలు నేడు ప్రతి వీధియందును కలరు. సరకు తయారుచేయుటలో వారికెవరును పాఠము చెప్పనక్కరలేదు. కాని సీసాపై నంటించు లేబిలో, సంచిలో పెట్టు చిన్న కార్డో అచ్చు వేయింపవలసి వచ్చినపుడు, ఎంతటి నేర్పరియైనను అచ్చుకూటపు గుమ్మమున కొంత జంకును. అక్కడి మాటలు వేరు, లెక్కలు వేరు. "అంతయు మీరే చూచి చేయండి" అని చెప్పి వచ్చివేయుట మనకు అలవాటు. ఆ మాటకు మా యింట చెల్లించిన వెల ముందుగా చెప్పి, పిదప తెలిసికొన్న సంగతులు వ్రాసెదను.

మా చిన్న తోడికోడలు గుంటూరులో కారప్పొడులు చేసి అమ్ముచున్నది. మొదట లేబిళ్లను ఇంటివద్దనే కాగితముపై అచ్చు తీసి, కత్తెరతో కత్తిరించి అంటించెడిది. ఒక సంక్రాంతికి ముందు దుకాణములవారు ఇద్దరు ముగ్గురు సరకు అడుగగా, మూడువేల లేబిళ్లు వేయింపనెంచి తాను దాచుకొన్న సొమ్ము తీసినది. అచ్చునకు ముందు చూపు నమూనాను ప్రూఫు అందురు. ప్రూఫు వచ్చినది. అందు "నువ్వుల కారము" అనుటకు బదులు "నువుల కారము" అని యున్నది. దానిని నేనే కనిపెట్టి, కొంత గర్వముతోనే, ఎఱ్ఱసిరాతో దిద్ది పంపితిని. మరునాడు రెండవ ప్రూఫు వచ్చినది. నేను దిద్దిన పంక్తి మాత్రము చూచితిని. ఒత్తు సరిగా పడినది. ఆమెచేత సంతకము చేయించితిని. లేబిళ్ల కట్టలు ఇంటికి వచ్చిన దినమున ఆమె ఒక కట్ట విప్పి చూచి, "అక్కయ్యా, మన పొట్లములో ఎంత పొడి పోయుచున్నాము?" అని మెల్లగా అడిగినది. 250 గ్రాములు అని యుండవలసిన చోట 520 అని యున్నది. పై పంక్తిని దిద్దునపుడు క్రింది పంక్తిని కూడ మరల కొట్టినారట.

అచ్చుకూటమాయన సంతకమున్న కాగితము తీసి చూపెను. ఆయన తప్పు లేదని నేననను. కాని సంతకము మాది. పైన చిన్న చీటీ యంటించి బరువు దిద్దుదమన్నచో, ప్యాకెట్ల సరకులను గూర్చిన 2011 వ సంవత్సరపు తూనికల కొలతల నియమములు అందుకు ఒప్పవు. ధర తగ్గించినపుడు మాత్రమే అట్టి చీటీ అంటింపవచ్చును. అదియును మొదటి ధరను కప్పరాదు. మూడువేలును చించి పారవేసితిమి. పండుగ సరకు మరల కత్తెర లేబిళ్లతోనే పోయినది. ఒక దుకాణమువారు తీసికొననేలేదు.

కావున దిద్దిన ప్రూఫు వచ్చినపుడు దిద్దిన చోటు చూచి ఊరకుండరాదు. మొదటి అక్షరమునుండి మరల చదువవలెను. అంకెలను వేరుగా చదువవలెను. ఒకరు మూలము పట్టుకొని పైకి చదువుచుండగా మరియొకరు ప్రూఫుపై వ్రేలుంచి చూచుట మేలు. ఆహారపదార్థముల లేబిలుపై ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారిచ్చు సంఖ్యయే 14 అంకెలు. దానికి తోడు బరువు, ఫోను, పిన్‌కోడు. వీనిలో ఏది తప్పినను కంటికి అందముగానే యుండును. అదియే చిక్కు. చదువునది మీ రొక్కరే కారాదు. వ్రాసినవారి కన్ను తాను వ్రాయదలచినదే చూచును గాని, కాగితముపై నున్నది చూడదు.

ఇక తెలుగు అక్షరముల చిక్కు ప్రత్యేకముగా చెప్పదగినది. మనము ఫోనులో టైపుచేయు తెలుగు యూనికోడు పద్ధతిది. అచ్చుపని చేయువారిలో పలువురు నేటికిని అను లిపుల వంటి పాత పద్ధతి లిపులతో పనిచేయుచున్నారు. ఒక పద్ధతిలోని మాటను రెండవదానిలో ఊరక తెచ్చి పెట్టినచో, అక్షరములు గుర్తింపరాని గీతలగును. మార్పుచేయు సాధనముతో మార్చినను ఒక్కొక్కచోట ఒత్తు జారును, ఏత్వము ఎగిరిపోవును. మా "నువ్వులు" అట్లే "నువులు" అయినవి. కావున మీరు పంపు వ్రాతతోపాటు, దాని సరియైన రూపము కంటికి కనబడునట్లు ఒక పీడీయఫ్ ప్రతినో, చేతివ్రాత ప్రతినో కూడ ఇచ్చుట మంచిది. ఒత్తులున్న మాటలను ప్రూఫులో గోటితో గీచి చూడవలెను.

బొమ్మలను వాట్సాపులో ఫొటోగా పంపరాదు. అది దారిలో బొమ్మను కుదించివేయును. ఫోనుపై చక్కగానే కనబడును, కాగితముపై పొగపట్టినట్లు పడును. దానినే డాక్యుమెంటుగా పంపినచో చెడదు. అచ్చు కొలతలో అంగుళమునకు 300 చుక్కలున్న బొమ్మ కావలెనని అచ్చువారు కోరుదురు.

రంగుల విషయమున ఆశాభంగము పొందనివారు అరుదు. ఫోనులో కనబడునది వెలుగు; కాగితముపై నుండునది సిరా. సాధారణపు రంగుల అచ్చు నాలుగు సిరాలతోనే జరుగును: సయాను అను ఆకాశనీలము, మెజెంటా అను గులాబి యెఱుపు, పసుపు, నలుపు. తక్కిన రంగులన్నియు వీని చుక్కల కలయికవలన కంటికి తోచునవే. మెరిసెడి చిలుకపచ్చయు, నెమలికంఠపు నీలమును ఈ నాల్గింటితో పూర్తిగా రావు, కొంత వాడినట్లుండును. మన పూజగదులలోని పాత పటములను తలచుకొనుడు. 1894 లో రవివర్మ బొంబాయియందు స్థాపించిన అచ్చుకూటములో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి ఉపయోగించి అట్టి పటములు తీసెడివారు. నూనెయు నీరును కలియవను వంటింటి సత్యముపైననే ఆ రాతి అచ్చు నిలిచినది. నేటి ఆఫ్‌సెట్టు యంత్రమునకును అదియే మూలము. రాతికి బదులు పలుచని అల్యూమినియపు రేకు వచ్చినది. రంగునకొక రేకు గనుక, రేకులు వెంట్రుకవాసి జరిగినను చిన్న అక్షరములకు నీడ పడును. అందుచే పదార్థముల పట్టికవంటి సన్నని వ్రాతను నలుపు సిరా ఒక్కదానితోనే వేయుడని చెప్పవలెను. ముదురు రంగుపై తెల్లని చిన్న అక్షరములు కోరకుడు. మన ఒత్తుల సందులు సిరాతో పూడిపోవును.

ఆ రేకులను బట్టియే ధర యుండును. ఆఫ్‌సెట్టులో నూరు వేసినను పదివేలు వేసినను రేకుల ఖర్చు ఒక్కటియే. కావున కొద్ది ప్రతులకు రేకులు లేని డిజిటలు అచ్చే చవుక. వేలకు ఆఫ్‌సెట్టు చవుక. "ఇంకొక రెండువేలు వేయించినచో ఒక్కొక్కటి ఎంతో తక్కువ పడునమ్మా" అని ఆశపెట్టుదురు. మాట నిజమే. కాని ఇల్లు మారినను, పాలు మార్చినను, అటకపై మిగిలిన లేబిళ్లు చెత్తయే కదా. క్రొత్తగా ప్రారంభించువారు డిజిటలులో రెండు మూడు వందలు వేయించి, ఒక నెల అమ్మి చూచి, పిదప పెద్ద సంఖ్యకు పోవుట క్షేమము. ధర, తయారైన తేది, బ్యాచి సంఖ్యలకు ఖాళీ విడిచి, తరువాత ముద్ర వేసికొనుట మంచిది. అయితే లేబిలుపై నున్నని పొర వేయించినచో రబ్బరుముద్ర సిరా ఆరక చేతికంటును. అంతచోటు పొర లేకుండ విడువుమని ముందే అడుగవలెను.

కాగితపు దళసరిని జి.ఎస్.ఎం. అని చెప్పుదురు, చదరపు మీటరు కాగితము ఎన్ని గ్రాములు తూగునో అదియే ఆ సంఖ్య. ఏ4 కాగితములు పదునారు చేరిన చదరపు మీటరు. కనుక 80 జి.ఎస్.ఎం. ఏ4 కాగితము ఒక్కటి 5 గ్రాములుండును. పేరు కార్డులకు 300 కు తక్కువ కానిది అడుగవచ్చును. పచ్చళ్లవారు మాత్రము దళసరి కంటె నూనె సంగతి చూచుకొనవలెను. కాగితపు లేబిలు నాలుగు దినములలో నూనె పీల్చి మరకలు దేరును. ప్లాస్టికు పొరపై వేసిన లేబిలు నిలుచును. నమూనా తెచ్చుకొని నూనెచేతితో రుద్ది చూడుడు; అచ్చువారేమియు అనుకొనరు.

అంచు చుట్టును ముగ్గువంటి సన్నని గీత వేయింపవలెనని అందరకు కోరికయే. కట్టలు కట్టలుగా కోయునపుడు కాగితము ఇంచుక జరుగును. అంచుకు ఆనుకొన్న గీత ఒకవైపు లావు, ఒకవైపు సన్నమై వంకర బయటపడును. రంగు అంచువరకు కావలెనన్న, కోతకు వెలుపల 3 మిల్లీమీటర్లు అదనముగా పరచవలెను. వ్రాత లోపలికి అంతకు తక్కువ కాకుండ నుండవలెను. బార్‌కోడు గీతలను అందమునకని ఎఱుపులో వేయింపరాదు. దుకాణపు యంత్రము చాలచోట్ల ఎఱ్ఱని వెలుగుతో చదువును. దానికి ఎఱ్ఱగీతయు తెల్లకాగితమును ఒక్కటే. తెలుపుపై నలుపు శ్రేష్ఠము.

బేరము మాటలతో ముగింపక, సంఖ్య, కాగితము, పొర, కోత, పన్ను, ఇచ్చు తేది ఒక చీటీపై వ్రాయించుకొనవలెను. మీరు సొమ్మిచ్చి చేయించిన డిజైను మూలప్రతిని కూడ మీకిచ్చునట్లు అప్పుడే అడుగుడు. పని ముగిసినపిదప అడిగినచో దొరకుట కష్టము.

మా తోడికోడలు ఆరు నెలలకు మరల లేబిళ్లు వేయించినది. ఈసారి ప్రూఫు మా అత్తగారి చేతికిచ్చితిమి. ఆమె మూడవ తరగతితో చదువు మానినవారు. కళ్లద్దాలు పెట్టుకొని, అక్షరమునకొక మారు వ్రేలు జరుపుచు, ఒక గంట చదివిరి. "ఏమే అమ్మాయీ, మీ ఫోనులకు పది అంకెలు కదా, ఇక్కడ తొమ్మిదే ఉన్నవేమి?" అనిరి.