ఉచితంగా దొరికే కంప్యూటర్ పాఠాలు – మనం వాడుకునే పద్ధతి

 

ఈ రోజుల్లో పైసా ఖర్చు లేకుండా ఇంటర్నెట్‌లో పాఠాలు, ప్రయోగాలు, పుస్తకాలు ఎన్నో దొరుకుతున్నాయి. వీటిని డిజిటల్ సాధనాలు అంటారు. సాధనం అంటే పనికి ఉపయోగపడే వస్తువు. నాగలి కూడా సాధనమే. నాగలి ఇంట్ల ఉన్నంత మాత్రాన చేను దున్నినట్టు కాదు కదా! పట్టి దున్నాలె. ఇవి కూడా అంతే.

ఇవి మనకు ఎందుకు? పట్నం పిల్లలకు పాఠం సమజు కాకపోతే ఇంట్ల అమ్మనో నాన్ననో అడుగుతారు, లేకుంటే ట్యూషన్‌కు పోతారు. మనలో చాలామంది ఇండ్లల్ల బడికి పోయిన మొదటి మనిషి మనమే. పత్తి ఏరే రోజుల్లో ఇంటికి పోయి వారం ఉండి వస్తే ఆ వారం పాఠాలు పోయినట్టే. కాబట్టి రెండోసారి, మూడోసారి కూడా చూడగలిగే పాఠం అందరికన్నా మనకే ఎక్కువ అవసరం.

1. పుస్తకంలోని గళ్ళ చదరం

మన పాఠ్యపుస్తకాల్లో నలుపు తెలుపు గళ్ళ చదరం ఉంటది. దాని పేరు క్యూఆర్ కోడ్. 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాలను గుర్తు పట్టడానికి దీన్ని తయారు చేశారు. దాని మూడు మూలల్లో పెద్ద చదరాలు ఉంటాయి. కోడ్ ఎక్కడ ఉంది, ఏ వైపు తిరిగి ఉంది అనేది వాటిని బట్టి ఫోన్ తెలుసుకుంటది. అందుకే పుస్తకం తలకిందులుగా పట్టినా చదువుతది.

పాఠం ఆ చదరంలోనే ఉంటదని కొందరు అనుకుంటారు. అట్ల కాదు. అందులో ఉండేది పాఠం చిరునామా మాత్రమే. ఊరి పేరు తెలిసినంత మాత్రాన ఊరు చేరినట్టు కాదు, నడిచి పోవాలె. ఆ నడక ఇంటర్నెట్. దీక్ష అనే ప్రభుత్వ యాప్ 2017లో వచ్చింది. నెట్ ఉన్నప్పుడు అందులో పాఠాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, తర్వాత నెట్ లేకున్నా చూడొచ్చు.

2. పరమాణువును మనమే కట్టొచ్చు

పరమాణువు కంటికి కనిపించదు. దాన్ని విప్పి చూసే ప్రయోగం ఏ బడి ల్యాబులోనూ చేయలేము. దీనికి ఫెట్ అనే ఉచిత సాధనం ఉంది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వైమన్ దీన్ని 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు.

అందులో మూడు గిన్నెలు ఉంటాయి. ఒకదాంట్లో ప్రోటాన్లు, ఒకదాంట్లో న్యూట్రాన్లు, ఇంకొకదాంట్లో ఎలక్ట్రాన్లు. వాటిని మౌస్‌తో తెచ్చి పరమాణువులో వేయాలె. 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు, 6 ఎలక్ట్రాన్లు వేస్తే కార్బన్ అయితది. ఇంకొక ఎలక్ట్రాన్ వేస్తే కార్బన్ కార్బన్‌గానే ఉంటది, కానీ రుణావేశం వస్తది. అంటే అయాన్ అయింది. ఎలక్ట్రాన్ బదులు ఇంకొక ప్రోటాన్ వేస్తే పేరే మారిపోతది, నైట్రోజన్ అయితది. మూలకం ఏదో నిర్ణయించేది ప్రోటాన్లే అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తది.

ఇప్పుడు న్యూట్రాన్లు పెంచండి. కార్బన్‌లో 7 ఉన్నా స్థిరంగానే ఉంటది. 8 వేస్తే అస్థిరం అని చూపిస్తది. అదే కార్బన్-14. పాత ఎముకల వయసు, పాత కట్టెల వయసు లెక్క కట్టేది దీనితోనే.

3. త్రిభుజం మూల పట్టి లాగితే

జియోజీబ్రా అనేది గణితం కోసం. ఆస్ట్రియా దేశంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి 2001లో తన చదువులో భాగంగా దీన్ని మొదలుపెట్టారు. ఇందులో త్రిభుజం గీసి, ఒక మూల పట్టి లాగితే కోణాలు మారుతూ ఉంటాయి. ఎట్ల లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలె. వంద త్రిభుజాలు చూసినా అది నిరూపణ కాదు. నూటొకటో త్రిభుజం సంగతి ఏమిటి అని ఎవరైనా అడగొచ్చు. ఒక శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీసి, ఏకాంతర కోణాలు సమానం అని చూపిస్తేనే అన్ని త్రిభుజాలకూ రుజువైనట్టు. కంప్యూటర్ "ఇది నిజం లాగుంది" అని చూపిస్తది. "ఎందుకు నిజం" అనేది మనం నోట్‌బుక్కులో రాయాలె.

4. నెట్ లేకున్నా తెరుచుకునే విజ్ఞాన సర్వస్వం

తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. దీన్ని ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. అందుకే అందులో తప్పులు కూడా ఉండొచ్చు. వ్యాసం కింద ఆధారాలు ఇచ్చారా లేదా చూసి, పుస్తకంతో పోల్చుకోవాలె.

కివిక్స్ అనే ఉచిత సాధనం ఉంటే వికీపీడియాను ఒక ఫైలుగా దించి కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. ఫైలు పెద్దది, కానీ ఒక్కసారి దించితే చాలు. వానకాలంలో వారం రోజులు సిగ్నల్ పోయినా తెరుచుకుంటది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో కంప్యూటర్‌కు కూడా ఇయ్యొచ్చు.

5. మన భాషల మాట

ఈ సాధనాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి, కొన్ని తెలుగులో ఉన్నాయి. మన హాస్టల్‌లో గోండి, కొలామి మాట్లాడే చిన్న చెల్లెళ్ళకు తెలుగే రెండో భాష. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత పుస్తకాల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలను కూడా కంప్యూటర్‌లో రాయొచ్చు. దానికి ఉచిత ఫాంట్ ఉంది.

మనం ఒక పని చేయొచ్చు. సైన్సు పాఠంలోని మాటలకు మన భాషల్లో మాటలు రాసి పెడదాం. నీళ్ళను గోండిలో ఏర్ అంటారు, కొలామిలో ఈర్ అంటారు. ఇట్ల వంద మాటలు అయితే ఆరో తరగతి పిల్లలకు చిన్న నిఘంటువు తయారైతది. అది ఏ ఇంటర్నెట్‌లోనూ దొరకదు. మన దగ్గరే దొరుకుతది.

6. ఉచితం అంటే అందరికీ అందినట్టేనా?

కాదు. సాధనం ఉచితమే గాని కరెంటు, కంప్యూటర్, నెట్ ఉచితం కాదు. ఇంకొకటి కూడా ఉంది. ఒక కంప్యూటర్ ముందు ఆరుగురు కూర్చుంటే మౌస్ ఒక్కరి చేతిలోనే ఉంటది. వెనుక ఉన్నవాళ్ళు సినిమా చూసినట్టు చూసి లేస్తారు. అట్లయితే తెలిసినవాళ్ళకే ఇంకా తెలుస్తది, తెలియనివాళ్ళు తెలియనట్టే ఉంటారు. అందుకని ఈ నియమాలు పెట్టుకుందాం:

– ముందు ఏమి జరుగుతదో నోట్‌బుక్కులో రాయాలె. తర్వాతనే మౌస్ నొక్కాలె. తప్పు రాసినా కొట్టివేయొద్దు. ఎందుకు తప్పయిందో పక్కన రాయాలె.

– మౌస్ పట్టినామె తన ఇష్టం వచ్చినట్టు చేయొద్దు. పక్కనున్నామె ఏమి చేయాలో చెప్పాలె. ఒక్కో ప్రశ్న అయినంక మౌస్ పక్కకు పోవాలె.

– ఊరి నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మొదటి వంతు ఇయ్యాలె.

– పేరు, ఫోటో, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టొద్దు. ఫెట్, జియోజీబ్రా అవి అడగకుండానే నడుస్తాయి.

వార్డెన్ గారికి, సార్లకు, మేడంలకు మా మనవి: నెట్ బాగున్న రోజు చూసి, వచ్చే వారం పాఠాలకు కావలసినవి ముందుగానే దించి పెట్టించండి. ఏమేమి కావాలో తరగతికి ఒక జాబితా మేమే రాసి ఇస్తాము. ఆదివారం ఒక గంట ల్యాబ్ తెరిపిస్తే పోయిన పాఠాలు మళ్ళీ చూసుకుంటాము.

మిత్రులారా! ఏ సాధనమూ సార్ చెప్పే పాఠానికి బదులు కాదు. సార్ ఒక్కసారి చెప్పింది మనం నాలుగుసార్లు చేసి చూసుకోవడానికే అది. మీ తరగతి జాబితాకు కావలసిన పాఠాల పేర్లు ఈ కాగితం కింద వదిలిన ఖాళీలో రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని