సాల్వడార్ డి మదరియాగా

సాల్వడార్ డి మదరియాగా (జూలై 23, 1886 - డిసెంబర్ 14, 1978) స్పెయిన్ దేశమునకు చెందిన రాజనీతిజ్ఞుడు, దౌత్యవేత్త, చరిత్రకారుడు, నవలా రచయిత మరియు ఆచార్యుడు. చదువు రీత్యా గనుల ఇంజనీరు అయిన ఈయన నానాజాతి సమితిలో నిరాయుధీకరణ విభాగానికి అధిపతిగా, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా, స్పానిష్ గణతంత్రములో రాయబారిగా, మంత్రిగా పనిచేశాడు. 1936లో అంతర్యుద్ధము మొదలైనప్పుడు ఏ పక్షములోనూ చేరక దేశము విడిచి, దాదాపు నలభై సంవత్సరాలు ప్రవాసములో గడిపాడు. స్పానిష్, ఆంగ్లము, ఫ్రెంచి అనే మూడు భాషలలోనూ గ్రంథాలు రచించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

మదరియాగా స్పెయిన్ వాయవ్య భాగములోని గలీషియా ప్రాంతములో, లా కొరూన్యా అనే రేవు పట్టణములో జన్మించాడు. తండ్రి సైనికాధికారి. 1898లో అమెరికాతో జరిగిన యుద్ధములో స్పెయిన్ ఓడిపోయి క్యూబా, ఫిలిప్పీన్స్ మొదలైన వలసలను కోల్పోయింది. సాంకేతిక విద్యలో వెనుకబాటే ఈ ఓటమికి కారణమని నమ్మిన తండ్రి, కుమారుని ఇంజనీరుగా తీర్చిదిద్దదలచి పారిస్ నగరానికి పంపించాడు. అక్కడ ఈయన ఎకోల్ పాలిటెక్నిక్‌లోను, తరువాత గనుల విద్యాలయములోను చదివి 1911లో స్వదేశము చేరి రైల్వే కంపెనీలో ఉద్యోగము చేశాడు. 1912లో స్కాట్లాండుకు చెందిన ఆర్థిక చరిత్రకారిణి కాన్‌స్టన్స్ ఆర్చిబాల్డ్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. వారిలో ఇసబెల్ డి మదరియాగా (1919-2014) రష్యా చరిత్రలో ప్రసిద్ధ పండితురాలు అయింది.

తండ్రి కోరిన చదువు పూర్తిచేసినా, మదరియాగా మనసు సాహిత్యము వైపే మొగ్గింది. 1916లో ఇంజనీరు వృత్తిని వదలి లండన్ చేరి, పత్రికా రచనలో ప్రవేశించాడు.

నానాజాతి సమితి, ఆక్స్‌ఫర్డ్

1921లో జెనీవాలోని నానాజాతి సమితి సచివాలయములో చేరిన ఈయన, మరుసటి సంవత్సరమే నిరాయుధీకరణ విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ అనుభవముతో 1929లో "నిరాయుధీకరణ" అనే గ్రంథము ప్రచురించాడు. ఆయుధాలున్నందువలన దేశాలు ఒకదానినొకటి అనుమానించుట లేదనీ, అనుమానమున్నందువలననే ఆయుధాలు సమకూర్చుకొంటున్నాయనీ ఈయన అభిప్రాయము. కనుక ముందు వివాదాలను పరిష్కరించే అంతర్జాతీయ వ్యవస్థ బలపడాలనీ, అది లేకుండా ఆయుధాల లెక్కలు తగ్గించుటకు చేసే ప్రయత్నాలు ఫలించవనీ వాదించాడు.

1928లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో స్పానిష్ అధ్యయనాలకై కొత్తగా నెలకొల్పిన పీఠానికి మొదటి ఆచార్యుడయ్యాడు. ఆంగ్లేయుల, ఫ్రెంచివారి, స్పానిష్‌వారి స్వభావాలను పోల్చి చూపిన "ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, స్పానియార్డులు" అనే గ్రంథము అదే సంవత్సరములో వెలువడి మంచి పేరు తెచ్చింది.

గణతంత్రములో పదవులు

1931 ఏప్రిల్‌లో స్పెయిన్‌లో రాజరికము అంతరించి గణతంత్రము ఏర్పడింది. కొత్త ప్రభుత్వము మదరియాగాను అమెరికాకు రాయబారిగా నియమించింది. అదే సంవత్సరము పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యాడు. 1932 నుండి 1934 వరకు ఫ్రాన్సులో రాయబారిగా ఉంటూ, నానాజాతి సమితిలో కూడా స్పెయిన్ ప్రతినిధిగా వ్యవహరించాడు. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించినప్పుడు పెద్ద దేశాలు వెనుకాడుతుండగా ఈయన సమితిలో తీవ్రముగా ఖండించాడు. అందువలన కొందరు ఈయనను "మంచూరియా డాన్ క్విక్సోట్" అని పరిహాసమాడారు. డాన్ క్విక్సోట్ స్వస్థలమైన "లా మంచా" పేరును మంచూరియాతో జోడించిన చమత్కారమది. 1935లో ఇటలీ-అబిసీనియా వివాదముపై సమితి నియమించిన ఐదు దేశాల సంఘానికి కూడా ఈయనే అధ్యక్షుడు.

1934లో కొద్ది వారాలు విద్యామంత్రిగా, కొద్దిరోజులు న్యాయశాఖ కూడా చూస్తూ పనిచేశాడు. 1932 నాటి సైనిక తిరుగుబాటులో పాల్గొన్నవారికి క్షమాభిక్ష ఇచ్చే చట్టమును న్యాయమంత్రిగా పార్లమెంటులో సమర్థించవలసి వచ్చింది. ఆ వివాదములో ఏప్రిల్ చివర మంత్రివర్గమే పడిపోయింది. వామపక్షాలు ఈ సమర్థనను మరువలేదు.

అంతర్యుద్ధము, ప్రవాసము

1936 జూలైలో సైన్యము గణతంత్రముపై తిరుగుబాటు చేయగా అంతర్యుద్ధము మొదలైంది. మదరియాగా దేశము విడిచి ఇంగ్లండు చేరాడు. సైనిక నియంతృత్వమును అంగీకరించలేదు. అట్లని గణతంత్ర పక్షమునకు మద్దతునూ ప్రకటించలేదు. 1934లో ఎన్నికైన ప్రభుత్వముపై తిరుగుబాటు చేసిన వామపక్షాలు, 1936 నాటి తిరుగుబాటును ఖండించే నైతిక హక్కును కోల్పోయాయని వ్రాశాడు.

స్పెయిన్ ఎదుట ముగ్గురు ఫ్రాన్సిస్కోలు చూపిన మూడు మార్గాలు ఉన్నాయని ఈయన వివరించాడు. సోషలిస్టు నాయకుడు ఫ్రాన్సిస్కో లార్గో కబల్యేరోది విప్లవమార్గము. ఫ్రాన్సిస్కో ఫ్రాంకోది సైనిక మార్గము. విద్యావేత్త ఫ్రాన్సిస్కో హినేర్‌ది విద్య ద్వారా, ఓర్పుతో దేశమును మార్చే మార్గము. ఈ మూడవదే తనదని మదరియాగా భావించాడు. ఈ ధోరణినే "మూడవ స్పెయిన్" అని పేర్కొంటారు. ఇందువలన ఫ్రాంకో ప్రభుత్వము ఈయనను శత్రువుగా చూడగా, ప్రవాసములోని పలువురు గణతంత్రవాదులు కూడా విశ్వసించలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో బి.బి.సి. ద్వారా లాటిన్ అమెరికా శ్రోతలకు స్పానిష్‌లో ప్రసంగాలు చేశాడు. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన లిబరల్ ఇంటర్నేషనల్‌కు తరువాత అధ్యక్షుడయ్యాడు. 1949లో బెల్జియములోని బ్రూజ్ నగరములో నెలకొన్న యూరోప్ కళాశాల స్థాపకులలో ఈయన ఒకడు.

మ్యూనిక్ సమావేశము

1962 జూన్‌లో జర్మనీలోని మ్యూనిక్ నగరములో యూరోపియన్ ఉద్యమ మహాసభ జరిగింది. స్పెయిన్ లోపలినుండి వచ్చిన ఫ్రాంకో వ్యతిరేకులు, ప్రవాసులు కలిపి 118 మంది హాజరయ్యారు. పూర్వము ఒకరితో ఒకరు పోరాడిన పక్షాలవారు ఒకేచోట కూడి, ప్రజాస్వామ్య సంస్థలు లేనిదే స్పెయిన్‌కు యూరోపియన్ కూటమిలో స్థానము ఉండరాదని తీర్మానించారు. ఆ రోజుతో అంతర్యుద్ధము ముగిసినదని మదరియాగా అన్నాడు. ఫ్రాంకో ప్రభుత్వము దీనిని కుట్రగా వర్ణించి, తిరిగి వచ్చినవారిలో పలువురిని కానరీ దీవులలో నిర్బంధించింది.

రచనలు

ప్రవాసములో ఈయన రచనా వ్యాసంగము విస్తరించింది. ముఖ్యమైన గ్రంథాలు:

* డాన్ క్విక్సోట్ పాఠకునికి మార్గదర్శి (1926) - సెర్వాంటెస్ నవలపై విమర్శ
* స్పెయిన్ (1930) - తరువాతి ముద్రణలలో విస్తరించిన చరిత్ర గ్రంథము
* క్రిస్టఫర్ కొలంబస్ - మతము మార్చుకొన్న యూదుల వంశమునకు చెందినవాడు కొలంబస్ అనే వాదము ఇందులో ఉన్నది. చరిత్రకారులలో అధికులు దీనిని అంగీకరించలేదు.
* హెర్నాన్ కోర్తెస్ (1941) - మెక్సికో విజేత జీవితము
* పచ్చరాతి హృదయము (1942) - అజ్టెక్ రాజకుమారి, స్పానిష్ యువకుడు పాత్రలుగా సాగే చారిత్రక నవల
* బొలీవార్ (1951) - దక్షిణ అమెరికా విమోచకునిపై విమర్శనాత్మక దృష్టి వలన వివాదాస్పదమైనది

చివరి రోజులు

అంతర్యుద్ధానికి కొద్దికాలము ముందు, 1936లోనే, రాయల్ స్పానిష్ అకాడమీ మదరియాగాను సభ్యునిగా ఎన్నుకొన్నది. కాని ప్రవేశోపన్యాసము చేయనిదే సభ్యత్వము పూర్తికాదు. ప్రవాసమువలన ఆ అవకాశము కలుగలేదు. ఫ్రాంకో పాలనాకాలమంతా అకాడమీ ఆ స్థానమును మరొకరికి ఇవ్వక ఖాళీగా ఉంచింది. 1973లో జర్మనీలోని ఆహెన్ నగరము ఈయనకు షార్లమేన్ బహుమతి ఇచ్చి గౌరవించింది. 1975 నవంబరులో ఫ్రాంకో మరణించాడు. 1976 మే 2న, 89 ఏళ్ళ వయసులో, మదరియాగా మాడ్రిడ్ వచ్చి విజ్ఞానశాస్త్రములోని సౌందర్యమును గురించి ఉపన్యసించి, నలభై సంవత్సరాలనాటి తన స్థానమును స్వీకరించాడు.

1978 డిసెంబర్ 6న స్పెయిన్ ప్రజలు నూతన ప్రజాస్వామ్య రాజ్యాంగమును ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదించారు. ఎనిమిది రోజుల తరువాత, డిసెంబర్ 14న, స్విట్జర్లాండులోని లొకార్నోలో మదరియాగా మరణించాడు.