ఓడ మింగిన జలాంతర్గాములు

అణుక్షిపణులు మోసుకెళ్తున్న బ్రిటన్ జలాంతర్గామి ఒకటి నడిసముద్రంలో మాయమైపోతుంది. ఎవరి పని? రష్యాదే అయ్యుంటుందనుకుంటే... వాళ్లదీ ఒకటి గల్లంతు! దాంతో పగవాళ్లయిన రెండు దేశాలూ చెరో గూఢచారినీ పంపి, కలిసి ఆ గుట్టు తేల్చమంటాయి. బ్రిటన్ తరఫున జేమ్స్‌బాండ్. రష్యా తరఫున మేజర్ అన్యా అమసోవా. చిక్కల్లా ఒకటే. అన్యా ప్రేమించినవాణ్ని అంతకుముందే బాండ్ చంపాడు. అది తెలిశాక, 'పని పూర్తవగానే నిన్ను చంపుతా' అని ముఖంమీదే చెప్పేస్తుందామె.

1977లో వచ్చిన 'ది స్పై హూ లవ్డ్ మీ' కథ ఇది. కృష్ణ 'గూఢచారి 116' చూసి పెరిగిన మనవాళ్లకి ఇలాంటి కథలు కొత్తేం కాదు. కానీ, ఇందులో దొంగ ఓ ఓడ! స్ట్రోమ్‌బెర్గ్ అనే కోటీశ్వరుడి చమురు నౌక 'లిపారస్' ముందుభాగం తలుపుల్లా తెరుచుకుంటుంది. జలాంతర్గామిని అమాంతం మింగేసి మూసుకుంటుంది.

తెరమీద సముద్రంలో కనిపించేది అరవై అడుగుల పైచిలుకు నమూనా. మరి, మింగిన జలాంతర్గాములు ఓడ కడుపులో బారులుతీరి ఉండాలిగా! అంత పెద్ద స్టూడియో ఎక్కడుంది? ఎక్కడా లేదు. అందుకే, లండన్ దగ్గరి పైన్‌వుడ్‌లో కొత్తగా కట్టేశారు. సుమారు వంద మీటర్ల పొడవు, నలభై మీటర్ల వెడల్పు, అడుగున నీళ్లతొట్టి. 1976 డిసెంబరులో ఆ '007 స్టేజ్' ప్రారంభానికి మాజీ ప్రధాని హెరాల్డ్ విల్సన్ వచ్చారు.

నిర్మాత బ్రోకలీకి ఇది చావోరేవో లాంటి సినిమా. భాగస్వామి సాల్ట్‌జ్‌మన్ విడిపోయాడు. 1974 నాటి ముందు సినిమాకి వసూళ్లు తగ్గాయి. అయినా, దాదాపు రెట్టింపు ఖర్చు... సుమారు 1.4 కోట్ల డాలర్లు పెట్టాడు.

తీరా సెట్ లేచాక అసలు తంటా వచ్చిపడింది. ఛాయాగ్రాహకుడు క్లాడ్ రెన్వా, పేరున్న చిత్రకారుడు ఆగస్ట్ రెన్వాకి మనవడు. అప్పటికే చూపు మందగించింది. సెట్ ఆ చివర ఏముందో ఆయనకి కనిపించదు. ఇక లైట్లు పెట్టేదెలా?

కళాదర్శకుడు కెన్ ఆడమ్ గుట్టుచప్పుడు కాకుండా పాత మిత్రుడికి కబురుపెట్టాడు. ఆ మిత్రుడు స్టాన్లీ కుబ్రిక్! బాండ్ సినిమాకి సాయంచేశాడని బయటికి పొక్కితే బాగుండదని ఆయన భయం. అందుకే, స్టూడియోలో ఎవరూ ఉండని ఆదివారంనాడు రహస్యంగా వచ్చి, కొన్ని గంటలు తిరిగి, దీపాలు ఎక్కడ పెట్టాలో చెప్పి వెళ్లిపోయాడు. గూఢచారి సినిమాలో అసలు గూఢచర్యం ఇదేనేమో! అన్నట్టు, ఉక్కు పళ్ల విలన్ 'జాస్' గుర్తున్నాడా? ఆ పళ్లు గీసింది కుబ్రిక్ పెంచిన కూతురు కాథరీనా.

సినిమా బాగా ఆడింది. కళాదర్శకత్వం, సంగీతం, పాట... మూడు విభాగాల్లో ఆస్కార్ బరిలో నిలిచింది. ఒక్కటీ రాలేదు. అందులో రెండు 'స్టార్‌వార్స్' ఎగరేసుకుపోయింది. ఆ ఓడ కడుపుని ఇప్పుడు చూసినా, కళాదర్శకత్వానికైనా ఇచ్చుంటే బాగుండేదనిపిస్తుంది.

ఆ స్టేజీ 1984లో మరో సినిమా చిత్రీకరణలో కాలిపోయింది. మరుసటేడు కట్టారు. 2006లో మళ్లీ తగలబడింది. 2007కల్లా మళ్లీ కట్టారు.