హద్దులేని ఆటలో ఆపదల ఏర్పాటు

పాచికలు అనగానే మన పెద్దలకు జూదమే స్ఫురించును. పై తరగతుల పిల్లలు సెలవు దినములలో బల్ల చుట్టు చేరి, పాచికలు వేయుచు గంటల తరబడి మాటలాడుకొనుచున్నారని కొందరు తల్లిదండ్రులు మాతో చెప్పిరి. ఇది జూదము కాదు; ఇందు పందెము లేదు. దీనిని పాత్రధారణ క్రీడ యందురు. ఒకరు నిర్వాహకులై ఒక కల్పిత లోకమును వర్ణింతురు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. ఫలితము సందేహమైనచోట పాచిక తీర్పు చెప్పును. పిల్లలు దీనిని తెలుగున ఆడినంత కాలము మాకు అభ్యంతరము లేదు. బేరమాడుట, బతిమాలుట, బుకాయించుట మున్నగువానికి మా వాచకములలో ఇంత చోటు దొరకదు.

అయినను ఈ ఆటలో తగవులు పుట్టుచుండును. నెలల తరబడి పెంచుకొన్న పాత్ర చచ్చినపుడు "ఇది అన్యాయము" అని బాలుడు అలుగును. ఒక్కొక్కప్పుడు స్నేహమే చెడును. ఆ మాటలో నిజమెంతయో తెలియుటకు ఆట పుట్టుక కొంత తెలియవలెను.

అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేర మూడు చిన్న పుస్తకములు ప్రకటించిరి. బయలు దేశమున ఎదురుపడు దొంగల మూక 30 నుండి 300 మంది వరకు ఉండునని వాని పట్టికలో కలదు. కొత్తగా చేరిన మాంత్రికుని ప్రాణబలమో, ఒక్క పాచిక వేసినంత! ఇది లెక్క తప్పుట కాదు. ఆ లోకము ఆటగాని కొలతకు కుట్టించిన చొక్కా కాదు. ఇట్టి ఆటకే నేడు "శాండ్‌బాక్స్", అనగా ఇసుకతొట్టి, యని పేరు. కథ ముందుగా నిర్ణయింపబడదు, దేశపటము మాత్రముండును, ఎటు పోవలెనో ఆటగాండ్రే తేల్చుకొందురు.

2000లో వెలువడిన మూడవ కూర్పు ప్రతి భూతమునకు నలుగురి జట్టుతో సరితూగు ఒక అంకె నిర్ణయించెను. దానివలన "మన ముందుకు వచ్చినదెల్ల మనము జయింపదగినదే" అను నమ్మకము చాలమందిలో పాతుకొనెను. నూటికి 5 ఎదురుపాట్లు జట్టుకు మించినవిగా నుండవచ్చునని ఆ కూర్పే చెప్పినది గాని, ఆ మాట ఎవరికి గుర్తుండును? (ఎన్‌కౌంటర్ అను మాటకు మన పత్రికలలో వేరొక అర్థము స్థిరపడినందున, మేము ఎదురుపాటు అనుచున్నాము.)

ఈ నమ్మకముతో ఇసుకతొట్టిలో దిగిన బాలుడు నిద్రించు మహాసర్పమును చూచి కత్తి దూయును. అతనిని మేము తప్పుపట్టము. ఎవరును అతనికి ముందు చెప్పలేదు. కావున మొదటి దినముననే నిర్వాహకుడు, "ఇందు మీకంటె బలవంతులుందురు, పారిపోవుట ఓటమి గాదు" అని స్పష్టముగా పలుకవలెను. పలికినంతనే చాలదు, ఆపదకు ఆనవాళ్లుండవలెను. కాలిన చెట్లు, మేకలు మాయమగుచున్నవను పుకారు, అడుగుజాడలు: ఇవి ముందు కనబడినచో, తరువాతి చావు ఆటగాని నిర్ణయ ఫలము, కనబడనిచో అది నిర్వాహకుని దౌర్జన్యమే. బెన్ రాబిన్స్ అను క్రీడారచయిత తాను నడపిన "వెస్ట్ మార్చెస్" ఆటను 2007లో వివరించెను. అందు ఊరు క్షేమస్థానము. ఊరికి దూరమైన కొలది అపాయము పెరుగును. ఎంత దూరము పోవుటయో ఆటగాండ్ర యిష్టము.

ఎదురుపడినదెల్ల పోరాటము కానక్కరలేదు. పాత నియమములలో నిర్వాహకుడు రెండు పాచికలు వేయును. 2 నుండి 5 వరకు పడినచో ఎదుటివారు శత్రువులు, 9 నుండి 12 వరకైనచో అనుకూలురు, నడుమ సందేహము. 36 విధములలో శత్రుత్వము 10, అనుకూలత 10, సందేహము 16. అనగా మాటకు చోటే ఎక్కువ. పిల్లలు ఈ నియమమును విడిచిపెట్టి నేరుగా కత్తులు దూయుట మాకు నచ్చదు.

మాట చెల్లనపుడు పరుగునకును నియమము కలదు. తరుముచున్నది బుద్ధిలేని మృగమైనచో తిండిమూట పారవేయవలెను; బుద్ధిగలదైనచో బంగారము. పాచిక అనుకూలించినచో అది ఆగును. తిండిమూట పారవేయుటకు పిల్లలు వెనుదీయరు. బంగారము దగ్గరనే అరగంట వాదము జరుగును. ఈలోపల నిర్వాహకుడు పాచిక చేతబట్టుకొని కూర్చుండవలసినదే.