మన పిల్లలు ‘ఇవాంజెలియన్’ ఎందుకు చూస్తున్నారు?

‘నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ అనే జపాన్ యానిమే ధారావాహిక 1995-96లో 26 భాగాలుగా టీవీలో వచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. గ్రీకులో ఆ మాటకు అర్థం సువార్త. కథలో ఆదాము, దూతలు, సిలువలు కనబడినా ఇది క్రైస్తవ కథ కాదు. జపానులో ఆ గుర్తులు కొత్తగా కనిపిస్తాయనే వాడామని సహాయ దర్శకుడు కజుయా త్సురుమాకి చెప్పాడు.

మరి యౌవనస్థులను కట్టిపడేసేది ఏమిటి? షింజీ అనే పద్నాలుగేళ్ల బాలుడు. తల్లి లేదు. ఏళ్లకిందట వదిలేసిన తండ్రి ఇప్పుడు యుద్ధయంత్రం నడపడానికి పిలిపిస్తాడు. నడిపితేనే తనకు విలువ అని పిల్లవాడు నమ్ముతాడు. తండ్రి మెచ్చుకునే ఒక్క మాట కోసం ప్రాణానికి తెగిస్తాడు. ర్యాంకు వస్తేనే ఇంట్లో నవ్వు చూసే పిల్లలకు ఆ బాధ బాగా తెలుసు.

యొర్దానులో తండ్రి తన కుమారునియందు ఆనందించినప్పుడు యేసు ఇంకా ఒక్క అద్భుతమూ చేయలేదు. ప్రేమ ముందు, పని తరువాత. అసలు సువార్త ఇదే.

తల్లిదండ్రులారా, హింస, మానసిక వేదన ఉన్న ఈ కథ చిన్నపిల్లలకు తగదు. పెద్దపిల్లలను మాత్రం ‘షింజీకి ఏమి కావాలి?’ అని అడిగి, జవాబు వినండి. పరీక్షా ఫలితాలు రాకముందే వారిని ప్రేమిస్తున్నామని చెప్పండి.