లోపమున్న చేతులకూ దేవుని పని ఉన్నది



"ఏ పాపం చేశామో, ఈ రోగం వచ్చింది." కుష్ఠు వ్యాధి విషయంలో ఈ మాట ఇంకా వినబడుతూనే ఉన్నది. ఆ భయంతోనే కొందరు ఒంటి మీద మచ్చను బట్టల కింద దాచుకుంటారు. ఇంట్లో చెప్పరు, సంఘంలో చెప్పరు. దాచిన కాలమంతా లోపల నరం దెబ్బతింటూనే ఉంటుంది.

పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు (యోహాను 9వ అధ్యాయము). అది అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, అతనికి చూపునిచ్చారు. కాబట్టి ప్రార్థనకూ వైద్యానికీ విరోధం లేదు.

ఈ వ్యాధి శాపం వల్ల రాదు, ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో దానిని కనుగొన్నారు. క్రిమి నరాలను పాడుచేస్తే నొప్పి తెలియదు. ఫిషింగ్ హార్బరులో తాడు లాగుతూ చెయ్యి కోసుకున్నా, వంటింట్లో వేడి గిన్నె పట్టుకుని కాలినా తెలియదు. ఆ పుండ్లు ముదిరి వేళ్ళు పాడవుతాయి. మనం వద్దనుకునే నొప్పి నిజానికి మన ఒంటికి కాపలా.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతి గ్రహించి, వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేశారు. అక్కడే పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదం జరిగి నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత వికలాంగుల పునరావాస వైద్యంలో శిక్షణ పొంది, ఎందరినో తిరిగి పనిలో నిలబెట్టారు. ఆమె కాళ్ళు బాగుపడలేదు, పని మాత్రం ఆగలేదు.

పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది (2 కొరింథీ 12). తిరిగి లేచిన ప్రభువు చేతులలోనూ మేకుల గుర్తులు ఉన్నాయి. అయితే రోగి దగ్గరకు వెళ్ళి "నీ బాధలో దేవుని ఉద్దేశం ఉన్నది" అని ఉపదేశించవద్దు. ఆ మాట బాధపడిన మనిషి తానుగా చెప్పవలసినది. మన వంతు పక్కన కూర్చోవడం, ఆసుపత్రికి తోడు రావడం.

ఈ గుర్తులు గమనించండి:
1. రంగు తగ్గిన లేదా ఎర్రబారిన, స్పర్శ లేని మచ్చ.
2. చేతులు, పాదాలలో తిమ్మిరి, పట్టు తగ్గడం.
3. నొప్పి లేని పుండు లేదా కాలిన గాయం.
4. కనురెప్ప పూర్తిగా మూతపడకపోవడం.

ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. వ్యాధిని బట్టి 6 లేక 12 నెలలు వాడితే నయమవుతుంది. మందులు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకు అంటే ప్రమాదం తొలగిపోతుంది. మనకు దగ్గరలో సాలూరులోని లెప్రసీ మిషన్ వారి ఫిలదెల్ఫియా ఆసుపత్రి కూడా కుష్ఠు రోగులకు సేవ చేస్తున్నది. ఇప్పటికే నరం చెడినవారు రోజూ చేతులూ పాదాలూ పరీక్షించుకోవాలి, చెప్పులు లేకుండా నడవరాదు.

మన సంఘాలలో వేళ్ళు లేని సహోదరుని కోసం వెనుక బెంచీ కేటాయించకండి. ప్రార్థన నడిపించమనండి, కానుక పళ్ళెం పట్టమనండి. ఆ చేతులకు ప్రభువు అప్పగించిన పనిని మనం ఆపకుందుము గాక.